డాలర్ గుర్తుకు జోడీ ఎవరు పెట్టాలి?

ఏఐ చాట్‌లో ఒక లెక్క అడిగి, వచ్చిన జవాబును కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టి చూడండి. అక్కడ పుస్తకంలో అచ్చేసినట్టు కనిపించిన సమీకరణం ఇక్కడికి వచ్చేసరికి చాలాసార్లు డాలర్ గుర్తులతో, వెనక్కి వాలిన గీతలతో, మీసాల బ్రాకెట్లతో నిండిపోయి ఉంటుంది. ఫోన్ పాడైందేమోనని కొందరు కంగారుపడతారు. ఏమీ పాడవలేదు. ఆ డాలర్లకు డబ్బుతో సంబంధం కూడా లేదు. ఇక్కడ గణితం మొదలైంది, ఇక్కడ ముగిసింది అని కంప్యూటర్‌కు చెప్పే హద్దు గుర్తులవి.

గణితం, భౌతికశాస్త్రం చదివేవాళ్లు థీసిస్‌లు, పరిశోధన పత్రాలు రాసుకునేది చాలావరకు ఈ గుర్తులతోనే. ప్రశ్నపత్రాలు తయారుచేసే లెక్చరర్లలోనూ ఈ పద్ధతి వాడేవాళ్లున్నారు. వాళ్లందరికీ రోజూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది: మొదటి డాలర్ పెట్టి, రెండోది మరిచిపోవడం. దానికి ఎడిటర్లు, అంటే మనం టైపు చేసే ప్రోగ్రాంలు, ఒక ఉపాయం కనిపెట్టాయి. మొదటి గుర్తు కొట్టగానే రెండోదాన్ని తామే పెట్టేసి, కర్సర్‌ను రెండింటి మధ్య నిలుపుతాయి. చూడటానికి చాలా చిన్న సౌకర్యం. దాన్ని సరిగ్గా పనిచేయించడం మాత్రం అంత తేలిక కాదు. ఎందుకో తెలిస్తే మన ఎడిటర్‌లో దాన్ని ఎలా పెట్టుకోవాలో కూడా తెలుస్తుంది.

ముందు అసలు వ్యవహారం చూద్దాం. ఎడిటర్‌లో మనం ఇలా రాస్తాం:

లంబకోణ త్రిభుజంలో $3^2+4^2=5^2$ అవుతుంది.

ఇది మూలం. దీన్ని టెక్ అనే ప్రోగ్రాం చదివి, పేజీగా కూర్చి, పీడీఎఫ్ చేసి ఇస్తుంది. పేజీలో డాలర్లు కనిపించవు. టోపీ గుర్తు తర్వాత ఉన్న 2 చిన్నదై పైకి లేచి వర్గంగా కూర్చుంటుంది. కూడిక, సమానం గుర్తుల చుట్టూ తగినంత జాగా వస్తుంది. రెండు డాలర్ల మధ్య టెక్ వేరే నియమాలతో నడుస్తుంది: మనం వదిలిన ఖాళీలను పట్టించుకోదు, ఇంగ్లీష్ అక్షరాలను వాలుగా వేస్తుంది, ఫాంటునే మార్చేస్తుంది. దీన్ని మ్యాథ్ మోడ్ అంటారు. డాలర్ వెలుపల ఉన్నది మామూలు వచనం.

డాలరే ఎందుకంటే, దాని వెనక కొంత చరిత్ర ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన డోనాల్డ్ నూత్ 1977లో తన ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ రెండో సంపుటం కొత్త ముద్రణకు ప్రూఫులు చూశారు. సీసపు అచ్చులు పోయి ఫోటో కంపోజింగ్ వచ్చిన రోజులవి. పేజీలు మునుపటి ముద్రణ అంత అందంగా లేవు. మనసు ఒప్పక, తన పుస్తకాన్ని తానే కూర్చుకోవడానికి ఒక ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టారు. త్వరలో అయిపోతుందనుకున్న పని పదేళ్ల దాకా సాగింది. అదే టెక్. సీసపు అచ్చుల కాలంలో గణితం కూర్చడం కంపోజిటర్లకు పెద్ద శ్రమ. ఘాతాలు, భిన్నాలు, వర్గమూలాలు ఒక్కొక్కటీ చేత్తో పేర్చాలి. అందుకే ప్రెస్సులు దానికి అదనపు రేటు వేసేవి. గణితం ఖరీదైన వస్తువు కనుక డాలర్ పెట్టానని నూత్ తన టెక్ పుస్తకంలో రాశారు. తర్వాత 1980లలో లెస్లీ లాంపోర్ట్ టెక్ మీద లేటెక్ అనే పొరను కట్టారు. ఇవాళ ఎక్కువమంది వాడుతున్నది దాన్నే.

రెండో డాలర్ మరిచిపోతే ఏమవుతుందో దగ్గరగా చూడటం అవసరం. ఈ వాక్యం తీసుకోండి:

త్రిభుజంలో $3^2+4^2=5^2 అవుతుంది, అలాగే $5^2+12^2=13^2$ కూడా.

మొదటి సూత్రం చివర డాలర్ లేదు. టెక్ ఏం చేస్తుందంటే, మొదటి డాలర్‌తో మ్యాథ్ మోడ్‌లోకి వెళ్తుంది. మూసే గుర్తు కోసం ముందుకు చదువుకుంటూ పోతుంది. ‘అవుతుంది’, ‘అలాగే’ అన్న మాటలు కూడా దానికి గణితంలోనివే. చివరికి ఒక డాలర్ దొరుకుతుంది. రెండో సూత్రాన్ని తెరవడానికి మనం పెట్టిన డాలర్ అది. టెక్ దాన్ని మూసే గుర్తు అనుకుని బయటికి వచ్చేస్తుంది. ఇప్పుడు రెండో సూత్రంలోని 5 మామూలు వచనమైపోయింది. ఆ వెంటనే టోపీ గుర్తు. వచనంలో టోపీ గుర్తు చెల్లదు. అక్కడ ఆగి, ‘మిస్సింగ్ డాలర్ ఇన్సర్టెడ్’ అని ఇంగ్లీషులో ఒక మాట చెబుతుంది. డాలర్ ఏదో తప్పిపోయింది, నేనే ఒకటి పెట్టాను అని దాని భావం. పెట్టేది ఆ టోపీ గుర్తుకు ముందు. మూడో డాలర్‌తో ఆ గణితం మూసుకుంటుంది. లెక్క సరిపోయింది, కనుక ఇంకో తప్పు చూపదు.

తప్పు మొదటి సూత్రంలో ఉంది. నేరం రెండో సూత్రం మీద పడింది. విద్యార్థి ఆ వరుసకు వెళ్లి చూస్తాడు. అక్కడ రెండు డాలర్లూ చక్కగా ఉన్నాయి. తప్పు ఎక్కడుందో తెలియక, బాగున్న చోట ఏదో ఒకటి మార్చి ఇంకాస్త పాడుచేస్తాడు.

తెలుగులో రాసేవాళ్లకు దీనికి మించిన నష్టం ఉంది. ఇంగ్లీష్ మాటలు ఇలా మ్యాథ్ మోడ్‌లో చిక్కుకుంటే వాలు అక్షరాలుగా మారి, ఖాళీలు లేకుండా అతుక్కుపోయి కనిపిస్తాయి. ఆ వికారం చూడగానే తప్పు తెలిసిపోతుంది. తెలుగు అలా కాదు. మామూలు గణిత ఫాంటుల్లో తెలుగు అక్షరాలుండవు. అందువల్ల ఆ మాటలు పేజీలోంచి మాయమైపోతాయి, లేదంటే ఖాళీ డబ్బాలుగా వస్తాయి. పై వాక్యంలో ‘అవుతుంది’, ‘అలాగే’ రెండూ పోయి కామా ఒక్కటీ మిగలవచ్చు. నూరు పేజీల పుస్తకంలో ఎక్కడో రెండు మాటలు లేవన్న సంగతి ప్రూఫులు దిద్దేవారి కంటికి అందకుండా పోయే ప్రమాదం నిజంగా ఉంది.

నూత్ ఈ నష్టానికి ఒక గట్టు కట్టారు. డాలర్ల మధ్య ఖాళీ వరుస రాకూడదని నియమం పెట్టారు. ఖాళీ వరుస అంటే పేరా ముగింపు. అప్పటికీ గణితం మూసుకోకపోతే టెక్ అక్కడే ఆగి, తప్పు చెప్పి, మూసేస్తుంది. మరిచిపోయిన ఒక్క డాలర్ పుస్తకం మొత్తాన్ని తలకిందులు చేయకుండా ఒక్క పేరాలోనే ఆగిపోవడానికి ఇది చాలా తెలివైన ఏర్పాటు. అయితే ఆ తప్పును టెక్ చూపించేది పేరా చివర. మనం మరిచిపోయింది పేరా మొదట్లో కావచ్చు.

ఇక్కడ ఎడిటర్ పని మొదలవుతుంది. టెక్ చేతికి వచ్చాక డాలర్ ఎక్కడ పెట్టాలన్నది ఊహే. టైపు చేస్తున్న క్షణంలోనే జోడీ పడిపోతే ఊహతో పనిలేదు. ఇంకో లాభం కూడా ఉంది. ఇప్పటి ఎడిటర్లు గణితాన్ని వేరే రంగులో చూపిస్తాయి. కొన్ని మనం రాస్తుండగానే పక్కన పేజీని చూపిస్తాయి. ఒంటి డాలర్ పడగానే దాని తర్వాతి మాటలకూ గణితం రంగు పాకుతుంది, పక్కన ఉన్న పేజీ చెదిరిపోతుంది. మళ్లీ మూసేదాకా అంతే. జోడీ ఒకేసారి పడితే రాతప్రతి దాదాపు ఏ క్షణంలో చూసినా సక్రమంగానే ఉంటుంది. నా దృష్టిలో ఈ సౌకర్యానికి అసలైన సమర్థన ఇదే. ఒక కీ నొక్కడం తగ్గడమన్నది దాని ముందు చిన్న విషయం.

మరి చిక్కెక్కడ? మామూలు బ్రాకెట్లతో పోల్చి చూస్తే తెలుస్తుంది. తెరిచే బ్రాకెట్ ఆకారం వేరు, మూసేదాని ఆకారం వేరు. తెరిచేది కొడితే మనం తెరుస్తున్నామని ఎడిటర్‌కు సందేహం లేకుండా తెలుస్తుంది. డాలర్‌కు ఆ తేడా లేదు. ఒకే బటన్ నొక్కితే వెలిగి, మళ్లీ నొక్కితే ఆరే టార్చిలైటు లాంటిదది. బటన్ నొక్కిన చప్పుడు మాత్రమే విన్నవాడికి లైటు వెలిగిందో ఆరిందో తెలియదు; ముందు అది ఎలా ఉందో తెలిసి ఉండాలి. అలాగే మనం డాలర్ కొట్టినప్పుడు తెరుస్తున్నామా, మూస్తున్నామా అన్నది కీ చెప్పదు. కర్సర్ ఇప్పుడు గణితం లోపల ఉందా, వెలుపల ఉందా అన్నది ఎడిటర్ తానే తేల్చుకోవాలి.

తేల్చుకోవడం ఎలా? వెనక్కి వెళ్లి డాలర్లను లెక్కపెట్టాలి. సరి సంఖ్య అయితే వెలుపల ఉన్నట్టు, బేసి సంఖ్య అయితే లోపల ఉన్నట్టు. చెప్పినంత సులువు కాదు. నిజంగా డబ్బు గురించి రాస్తే డాలర్ ముందు బ్యాక్‌స్లాష్, అంటే వెనక్కి వాలిన గీత, పెడతాం: \$ అని. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. శాతం గుర్తు తర్వాత ఆ వరుసలో ఉన్నదంతా రాసినవారు తమకోసం రాసుకున్న కామెంట్; టెక్ దాన్ని చదవదు. అందులోని డాలర్లూ లెక్కలోకి రావు. ప్రోగ్రాం కోడ్‌ను ఉన్నదున్నట్టు చూపించే భాగాల్లో డాలర్ ఉత్త అక్షరమే. ఇవన్నీ తీసేసి లెక్కపెట్టాలి. పైగా ఎక్కడినుంచి మొదలుపెట్టాలి? పెద్ద ఫైల్‌లో ప్రతి డాలర్‌కూ మొదటి పేజీ నుంచి లెక్కపెడితే టైపింగ్ నత్తనడక అవుతుంది. పైన ఎక్కడో ఒక తప్పుంటే కింద లెక్క అంతా తిరగబడుతుంది.

నూత్ కట్టిన గట్టు ఇక్కడ ఎడిటర్లకు కూడా ఉపయోగపడింది. ఖాళీ వరుస దాటి గణితం సాగదు కనుక, కొద్దిగా వెనక్కి చూస్తే చాలు. కార్స్టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఈమాక్స్ అనే ఎడిటర్‌కు ఇలాంటి తనిఖీ పనిముట్టును రాశారు. అది మామూలుగా రెండు పేరాల వరకే వెనక్కి వెతుకుతుంది. టెక్ నియమాన్ని ఎడిటర్ తన పనికి వాడుకున్న ఈ పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. ఒకచోట తప్పును ఆపడానికి పెట్టిన నియమం ఇంకోచోట వేగాన్నిచ్చింది.

డాలర్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. దీన్ని చాలామంది గమనించరు. టెక్‌లో రెండు డాలర్లు పక్కపక్కనే పడితే దానికి వేరే అర్థం ఉంది. సూత్రాన్ని వాక్యం మధ్యలో కాకుండా విడిగా, కొత్త వరుసలో, పేజీ మధ్యన పెద్దగా చూపించమని దాని భావం. అంటే ఎడిటర్ తానే జోడీ పెట్టి మనకిచ్చే ఖాళీ జంట, $$ అన్నది, టెక్ కళ్లకు జంట కానే కాదు. వేరే రకం గణితానికి తెరిచిన గుర్తు. మధ్యలో ఒక్క అంకె వేసేదాకా అది అపార్థానికి దారితీసే స్థితిలోనే ఉంటుంది.

దీనివల్ల వచ్చే తప్పు ఎలా ఉంటుందంటే, మీరు ముందే 3^2+4^2 అని టైపు చేసేశారు. డాలర్లు పెట్టలేదని గుర్తొచ్చింది. కర్సర్‌ను వెనక్కి, 3 ముందుకు తెచ్చి డాలర్ కొట్టారు. ఎడిటర్ ఆలోచించకుండా జోడీ పెట్టేసింది. ఇప్పుడు ఫైల్‌లో $$3^2+4^2 అని పడింది. మీరు చివరికి వెళ్లి ఇంకో డాలర్ కొట్టారు. అక్కడా జోడీ పడిందనుకోండి, $$3^2+4^2$$ అయింది. తప్పేమీ రాలేదు, పేజీ కూడా వచ్చింది. కానీ వాక్యం మధ్యలో ఉండాల్సిన సూత్రం వాక్యాన్ని రెండుగా నరికి పేజీ మధ్యన నిలబడింది. సాయం చేయబోయి ఎడిటర్ చేసిన నష్టమిది.

ఇలాంటివి ఎదురై, చాలామంది ఈ సౌకర్యాన్నే ఆపేసుకుంటారు. తొందరపడకూడదనే నా సలహా. మంచి ఎడిటర్ జోడీ పెట్టి ఊరుకోదు; దాంతోపాటు మరికొన్ని మర్యాదలు పాటిస్తుంది. అవి ఉన్నాయో లేదో చూసుకోవాలి.

మొట్టమొదటిది, దాటుకుపోవడం. చేతికి అలవాటైన వాళ్లు సూత్రం రాశాక మూసే డాలర్‌ను కూడా కొట్టేస్తారు. ఎడిటర్ ముందే పెట్టిన డాలర్ అక్కడ ఉంది. కొత్తది వేస్తే అదనంగా ఒకటి మిగులుతుంది. అందుకని మనం కొట్టిన డాలర్‌ను వేయకుండా, ఉన్నదాని మీదుగా కర్సర్‌ను అవతలికి జరపాలి. విఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో దీనికి ప్రత్యేకంగా ఒక సెట్టింగ్ ఉంది. అందులో ఎంచుకోదగ్గది, తాను పెట్టిన మూసే గుర్తులనే దాటడం. మనం స్వయంగా టైపు చేసిన గుర్తుల జోలికి అది పోదు. ఎవరు పెట్టిన గుర్తో ఎడిటర్ గుర్తుపెట్టుకుంటుందన్నమాట.

అలాగే, ఖాళీ జోడీ మధ్య ఉండి బ్యాక్‌స్పేస్ కొడితే రెండూ కలిసి పోవాలి. పొరపాటున కొట్టినవాడికి ఒంటి డాలర్ మిగిల్చి వెళ్తే, ఏ తప్పును ఆపడానికి ఈ సౌకర్యం వచ్చిందో అదే తప్పు తిరిగొస్తుంది.

అన్నింటికన్నా ఉపయోగపడేది చుట్టడం. ముందే రాసేసిన 3^2+4^2ను మౌస్‌తో గానీ, షిఫ్ట్ పట్టుకుని గానీ ఎంచుకుని డాలర్ కొడితే, ఎంచుకున్నది పోయి డాలర్ రాకూడదు. దానికి అటొకటి, ఇటొకటి పడాలి. ఇందాకటి చిక్కుకు సరైన మందు ఇదే. వెనక్కి వెళ్లి ఒక డాలర్, ముందుకొచ్చి ఇంకో డాలర్ అనే అలవాటును మానుకుని, ఎంచుకుని ఒకసారి కొట్టడం నేర్చుకుంటే సగం బాధలు తీరిపోతాయి.

ఎంచుకోకుండా కొట్టేవాళ్ల కోసం విఎస్ కోడ్‌లో ఇంకో వీలుంది. బ్రాకెట్ల జోడీని ఎప్పుడూ పెట్టాలా, ఆ భాషకు తగినట్టు పెట్టాలా, కర్సర్ తర్వాత ఖాళీ ఉంటేనే పెట్టాలా, అసలు వద్దా అని నాలుగు దారులిస్తుంది. మూడోది గణితం రాసేవాళ్లకు బాగా పనికొస్తుంది. కర్సర్ పక్కనే 3 ఉంటే జోడీ పడదు, ఒక్కటే పడుతుంది. మనం ఏదో పాత రాతను సరిచేస్తున్నామని ఎడిటర్ అర్థం చేసుకున్నట్టే.

ఈమాక్స్‌లో లేటెక్ రాసేవాళ్లు ఆక్‌టెక్ అనే ప్యాకేజీ వాడతారు. డెన్మార్క్‌లోని ఆల్‌బోర్గ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది కనుక ఆ పేరు. అందులో టెక్-ఎలక్ట్రిక్-మ్యాథ్ అని ఒక సెట్టింగ్ ఉంది. మొదట అది ఆపి ఉంటుంది. మనం కావాలనుకుంటేనే పనిచేస్తుంది. దాని ప్రత్యేకత ఏమిటంటే, డాలర్ కీ నొక్కితే ఏ జోడీ పడాలో మనమే చెప్పవచ్చు. డాలర్లే పడాలనవచ్చు. లేదా లేటెక్ ఇచ్చే రెండో రకం గుర్తులు, \( మరియు \) అనేవి, పడాలనవచ్చు. అంటే నొక్కేది డాలర్, ఫైల్‌లో పడేది బ్యాక్‌స్లాష్‌తో కూడిన బ్రాకెట్ల జోడీ.

ఈ రెండో రకం గుర్తుల గురించి కాస్త ఆగి చెప్పాలి. వీటిలో తెరిచేది వేరు, మూసేది వేరు. ఇందాక డాలర్‌తో వచ్చిన చిక్కుల్లో చాలావరకు ఇక్కడ లేవు. సరి, బేసి లెక్కలు అక్కర్లేదు. ఖాళీ జంట \(\) అయినా దానికి వేరే అర్థం రాదు, పేజీలో ఏమీ కనిపించదు, అంతే. మూసేది మరిచిపోయి ఇంకో \( తెరిస్తే, గణితంలో ఉండగా గణితం తెరిచారేమిటని లేటెక్ అక్కడే ఆపుతుంది. డాలర్లయితే రెండో సూత్రాన్ని తప్పుపట్టి మాటలు మింగేసేది. ఇక్కడ రెండో సూత్రం గుమ్మంలోనే దొరికిపోతుంది. విడిగా పెద్దగా వేయాల్సిన సూత్రాలకు కూడా లేటెక్‌లో \[ మరియు \] వాడమంటారు, $$ వద్దంటారు. కారణం ఊరికే కాదు. సూత్రాలన్నీ పేజీ ఎడమవైపు రావాలని లేటెక్‌కు చెప్పినా, $$ మధ్య రాసినవి ఆ మాట వినవు, మధ్యలోనే నిలబడతాయి.

ఇన్ని మంచి గుణాలుండి కూడా ఈ గుర్తులు డాలర్‌ను వెనక్కి నెట్టలేకపోయాయి. ఎందుకంటే ఒక్క కీ బదులు ప్రతి వైపూ రెండు గుర్తులు కొట్టాలి. ఒక పేజీలో యాభై చిన్న సూత్రాలుంటే ఆ శ్రమ తెలుస్తుంది. మూలాన్ని చదివేటప్పుడు కూడా బ్యాక్‌స్లాష్‌లు కంటికి అడ్డం పడతాయంటారు కొందరు. మొదటి అభ్యంతరాన్ని ఎడిటర్ పూర్తిగా తీర్చేసింది. ఒక్క కీకి నాలుగు గుర్తులు పడుతున్నప్పుడు డాలర్‌కే అంటిపెట్టుకునే కారణం లేదు.

ఆక్‌టెక్‌లో నాకు నచ్చిన మరో సంగతి ఉంది. గణితం \( తో తెరిచి ఉండగా మనం లోపల డాలర్ కొడితే, అది వేయనని నిరాకరిస్తుంది. గణితం ఫలానా గుర్తుతో తెరిచి ఉందని కింద చిన్న సందేశం చూపిస్తుంది. తప్పదు, వేయాల్సిందే అంటే కంట్రోల్-క్యూ నొక్కి డాలర్ కొట్టాలి. డాలర్‌తో గణితాన్ని మూసినప్పుడు దాని జోడీ ఎక్కడుందో క్షణంపాటు చూపిస్తుంది కూడా. జోడీ పెట్టడం సగం పనే. ఏది దేనికి జోడీయో రాసేవారికి కనబడేలా చేయడం మిగతా సగం.

జోడీ పెట్టే పద్ధతుల్లో అన్నిటికన్నా శ్రద్ధగా చేసినదాన్ని బెల్జియంలో ఒక విద్యార్థి దగ్గర చూస్తాం. ల్యూవెన్‌లో గణితం చదివిన జిల్ కాస్టెల్, తరగతిలో ప్రొఫెసర్ బోర్డు మీద రాసే వేగంతోనే లేటెక్‌లో నోట్స్ టైపు చేసేవారు. విమ్ అనే ఎడిటర్‌లో అది ఎలా సాధ్యమైందో 2019లో వివరంగా రాశారు. ఆయన డాలర్ కీ దగ్గరకే వెళ్లలేదు. ఎం, కె అనే రెండు అక్షరాలు వరసగా కొడితే వాక్యం మధ్య సూత్రానికి డాలర్ల జోడీ వచ్చేస్తుంది. డి, ఎం కొడితే విడి సూత్రానికి జోడీ వస్తుంది. ఇంతవరకు చాలామంది చేస్తారు. ఆయన ఇంకో అడుగు వేశారు. సూత్రం ముగించి బయటికి వచ్చాక కొట్టే మొదటి అక్షరాన్ని కూడా ఎడిటర్ గమనిస్తుంది. అది మామూలు అక్షరమైతే డాలర్ తర్వాత ఒక ఖాళీని తానే వేస్తుంది. కామానో చుక్కో అయితే ఖాళీ వేయదు, ఆనించి పెడుతుంది. మనిషి చేత్తో రాసేటప్పుడు ఆలోచించకుండా చేసే పని అది. ఎడిటర్‌కు అంత చిన్న విషయం నేర్పడానికి కూర్చున్నారంటే తన రాత మీద ఆయనకెంత ప్రేమో అర్థమవుతుంది. కాస్టెల్ 2022లో చిన్న వయసులోనే మరణించారు. ఆయన పద్ధతిని ఇప్పటికీ ఎందరో విద్యార్థులు అనుసరిస్తున్నారు.

ఎడిటర్ ఇన్‌స్టాల్ చేసుకోనక్కర లేకుండా బ్రౌజర్‌లోనే లేటెక్ రాయించే ఓవర్‌లీఫ్‌లో కూడా బ్రాకెట్లను తానే మూసే సెట్టింగ్ ఉంది. మైక్రోసాఫ్ట్ వర్డ్ దారి వేరు. ఆల్ట్ పట్టుకుని సమానం గుర్తు నొక్కితే సూత్రానికి ఒక పెట్టె తెరుచుకుంటుంది. అక్కడ హద్దు గుర్తులే కనిపించవు, కనుక మరిచిపోవడమూ లేదు.

తెలుగులో గణితం రాసేవాళ్ల సంగతికి వద్దాం. 2004లో జొనాథన్ క్యూ తెచ్చిన జీటెక్ అనే కొత్త రకం టెక్ తర్వాత యూనికోడ్ తెలుగును నేరుగా టైపు చేసి మంచి ఫాంట్లతో పేజీలు కూర్చడం వీలైంది. వచనం తెలుగు కీబోర్డుతో, సూత్రం ఇంగ్లీష్ కీబోర్డుతో కొట్టాలి. ఇన్‌స్క్రిప్ట్ వంటి అమరికల్లో అంకెల వరుసలో షిఫ్ట్ పట్టుకుంటే కొన్ని కీల మీద గుర్తులకు బదులు ఒత్తులో కూటాక్షరాలో వస్తాయి. అందుకని సూత్రం మొదలయ్యే ముందు కీబోర్డు మార్చడం, అయ్యాక మళ్లీ మార్చడం అలవాటవుతుంది. తప్పు జరిగేది ఈ రెండో మార్పు దగ్గర. సూత్రం చివరి అంకె కొట్టగానే చేయి తెలుగుకు మారిపోతుంది, మూసే డాలర్ ఇంకా కొట్టలేదు. కొట్టబోతే వేరేదేదో పడుతుంది, లేదా మరిచిపోయి ‘అవుతుంది’ అని వాక్యంలోకి వెళ్లిపోతాం. ముందే జోడీ పడి ఉంటే ఈ బాధ లేదు. కుడి బాణం కీ ఏ కీబోర్డు భాషలోనైనా ఒకటే. దాన్ని నొక్కి బయటికి వచ్చేయవచ్చు. ఇంగ్లీషులో రాసేవాళ్లకు ఇది సౌకర్యమైతే, తెలుగులో రాసేవాళ్లకు ఇది అవసరం. మాటలు మాయమయ్యే ప్రమాదం మనకే ఎక్కువని పైన చూశాం కదా.

డబ్బు డాలర్‌తో వచ్చే గొడవ కూడా ఒకటుంది. వెబ్ పేజీల్లో గణితం చూపించే మ్యాథ్‌జాక్స్ అనే పనిముట్టు, వాక్యం మధ్య సూత్రాలకు ఒంటి డాలర్‌ను మొదట ఒప్పుకోదు. \( \) జోడీనే గుర్తిస్తుంది. అమెరికాలో ఒక వాక్యంలో రెండు ధరలు రాస్తే, వాటి మధ్య మాటలు గణితమైపోతాయని భయం. ఒక రకం ఫైలును ఇంకో రకంలోకి మార్చే పాండాక్ ఇంకో పద్ధతి పెట్టుకుంది. తెరిచే డాలర్‌కు కుడిపక్క ఖాళీ ఉండకూడదు, మూసేదానికి ఎడమపక్క ఖాళీ ఉండకూడదు, మూసేదాని వెంటనే అంకె రాకూడదు. దాంతో $20,000 నుంచి $30,000 దాకా అని రాసినా అది గణితం కాదని పసిగడుతుంది. రూపాయల్లో రాసేవాళ్లకు ఈ తంటా లేదు. ₹ గుర్తుకు టెక్‌లో వేరే అర్థమేదీ లేదు.

కొత్తగా లేటెక్ మొదలుపెడుతున్న విద్యార్థులకు, ప్రశ్నపత్రాలు తయారుచేసే అధ్యాపకులకు నేను చెప్పేది ఇదే. మీ ఎడిటర్‌లో జోడీ సౌకర్యాన్ని ఆన్ చేసుకోండి. జోడీగా డాలర్ల బదులు \( \) పడేలా పెట్టుకోండి. ఎడిటర్ అందుకు ఒప్పుకోకపోతే కాస్టెల్ ఎం, కె లాంటి చిన్న స్నిపెట్, అంటే రెండు అక్షరాలు కొడితే జోడీ పడే ఏర్పాటు, రాసుకుంటే సరిపోతుంది. ఒక ఖాళీ ఫైల్ తెరిచి నాలుగు పనులు చేసి చూడండి: జోడీ పడుతోందా, మూసే గుర్తును దాటుతోందా, బ్యాక్‌స్పేస్‌తో రెండూ పోతున్నాయా, ఎంచుకున్న భాగాన్ని చుడుతోందా. చివరిది పనిచేయకపోతే ఇంకో ఎడిటర్ చూసుకోవడం మేలు. డాలర్లతో రాసిన పాత ఫైళ్లను మార్చాలని కంగారు పడనక్కర్లేదు. ఒకే ఫైల్‌లో రెండు రకాల గుర్తులూ ఉండవచ్చు. ఒక్కో సూత్రాన్ని ఏ గుర్తుతో తెరిచారో దాని జోడీతోనే మూస్తే చాలు, లేటెక్‌కు అభ్యంతరం లేదు.